టెక్ సందేహాలు: వంకర మూతదా, కొలతదా?

ప్రశ్న: మాది అనంతపురంలో చిన్న మౌల్డింగ్ యూనిట్. డ్రిప్ ఫిల్టర్లకు 100 మి.మీ. వ్యాసం ఉన్న పాలీప్రొపిలీన్ మూతలు చేస్తాం. కరిగిన ప్లాస్టిక్ లోపలికి వెళ్లే దారులు (గేట్లు) మూడు ఉన్న డై (అచ్చు). కంప్యూటర్ సిములేషన్‌లో వార్పేజ్ (వంకర) 0.9 మి.మీ. అని ఎర్రగా చూపిస్తోంది. వెర్నియర్ పెడితే ఎటువైపు కొలిచినా వ్యాసం ఒకటే వస్తోంది. అయినా మూత సరిగా బిగియడం లేదు. దేన్ని నమ్మాలి? సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేశాం.

జవాబు: గుండ్రటి పార్టుల గురించి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. ఆ 0.9 అంతా వంకర కాదు. పాలీప్రొపిలీన్ 1 నుంచి 2.5 శాతం దాకా కుంచించుకుపోతుంది. 1.5 శాతం అనుకున్నా 50 మి.మీ. వ్యాసార్ధంలో 0.75 మి.మీ. తగ్గుతుంది. దాన్ని డై చేసేటప్పుడే లెక్కలో వేసుకుని ఉంటారు. మామూలు కుంచింపునూ అసలైన వంకరనూ కలిపి ఒకే ఎరుపులో చూపించడం, పైగా కొన్నిసార్లు ఆకారాన్ని చాలా రెట్లు సాగదీసి చూపించడం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల నిర్లక్ష్యం.

సిములేషన్‌లో మూత అంచు వెంబడి నోడ్లు (లెక్క కోసం సాఫ్ట్‌వేర్ పెట్టుకునే బిందువులు) ఎంచుకోండి. వాటి వంగిన స్థానాలకు సరిపోయే వృత్తం గీసి, దాని కేంద్రం నుంచి ఒక్కో నోడ్ దూరం చూడండి. అన్నిటికన్నా పెద్ద దూరంలోంచి చిన్నది తీసేస్తే వచ్చేదే గుండ్రతనంలో తేడా. ఈ తీసివేతలో సమానమైన కుంచింపు దానంతటదే పోతుంది. పాత కేంద్రం నుంచే కొలిస్తే మాత్రం, మూత మొత్తం ఒక పక్కకు జరిగినా వంకరగానే కనిపిస్తుంది.

ఇక మీ వెర్నియర్ సంగతి. మూడు గేట్ల డైలో మూత మూడు చోట్ల కొద్దిగా ఉబ్బే అవకాశం ఉంది. ఒకచోట ఉబ్బు ఉంటే దానికి ఎదురుగా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి వ్యాసం ఎటు కొలిచినా దాదాపు ఒకటే వస్తుంది. మూత మాత్రం బిగియదు. వి-బ్లాక్‌లో (V ఆకారపు గాడి ఉన్న దిమ్మె) పెట్టి డయల్ గేజ్ (చిన్న ఎత్తుపల్లాలను ముల్లుతో చూపే కొలత పరికరం) కింద తిప్పితే తేడా బయటపడుతుంది. డై నుంచి తీసిన మర్నాడు కొలవండి, అప్పటిదాకా మూత కొలత కుదురుకోదు. మే నెల అనంతపురం ఎండలో షెడ్డు 40 డిగ్రీలుంటే, 20 డిగ్రీల దగ్గర కొలిచినదానికీ దీనికీ 100 మి.మీ.కు సుమారు 0.2 మి.మీ. తేడా వస్తుంది.

ఇదంతా సరిదిద్దుకోవచ్చు. నాకు అసలు టెన్షన్ మీ ఆఖరి వాక్యమే. యాంటీవైరస్ ఆపమని అడిగే ఇన్‌స్టాలర్‌ను దయచేసి నమ్మకండి. క్రాక్ చేసిన (లైసెన్స్ లేకుండా నడిచేలా మార్చిన) సాఫ్ట్‌వేర్‌తో వచ్చే దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ అయి ఉన్న సెషన్లను కూడా ఎత్తుకుపోతాయి. అలా పోయిన సెషన్‌తో ఓటీపీ అవసరం లేకుండానే మీ ఈమెయిల్‌లోకి దూరిపోవచ్చు. కస్టమర్ నమ్మి పంపిన డ్రాయింగ్, జీఎస్టీ లాగిన్, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే పెట్టుకునే యూనిట్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. డ్రాయింగ్ బయటకు పోతే ఆ ఆర్డర్ మళ్లీ రాదు.

ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. మరో ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టండి. డ్రాయింగ్‌లు, లెక్కల ఫైళ్లు మాత్రం వేరే డిస్క్‌లోకి తీసుకుని కంప్యూటర్ ఫార్మాట్ చేయించండి. పాత ఇన్‌స్టాలర్లు వేటినీ వెనక్కి తేవద్దు. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లైసెన్స్ కొనే స్తోమత లేకపోతే విజయవాడ, హైదరాబాద్‌లలోని సిపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ) కేంద్రాల్లో ఈ సిములేషన్ పని డబ్బు తీసుకుని చేసిపెడతారేమో అడగండి. ఫైల్ ఇచ్చేముందు కస్టమర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.