ఆ డబ్బాలో ఉన్నది కల కాదండీ, చేప

ఫిన్లాండ్ నుంచి మీ అబ్బాయి విజయవాడకు పంపిన డబ్బా మీద రోమన్ అక్షరాల్లో ‘కల’ అని ఉంది, మేము శాకాహారులం, తినవచ్చా అని అడిగారు. వద్దండీ. ఫిన్నిష్‌లో కల అంటే చేప. మన కలకూ కళకూ, హిందీవారి నలుపుకూ దానితో చుట్టరికం లేదు. రోమన్ లిపిలో దీర్ఘాలూ ళకారమూ ఎగిరిపోయి అన్నీ ఒకే వేషం వేస్తాయి, అంతే.

అక్కడ స్వీడిష్ కూడా అధికార భాషే. దినుసుల పట్టీలో ‘ఫిస్క్’ (స్వీడిష్‌లో చేప) కోసం వెతకండి. చేప ఎలర్జీ పదార్థం కనుక ఐరోపా నిబంధనల ప్రకారం ఆ పేరు కొట్టొచ్చినట్టు అచ్చువేయాలి. ‘కలకుక్కో’ అని ఉంటే మరీ జాగ్రత్త: పైకి అచ్చం రొట్టె, కోస్తే లోపల చేపలు, పంది మాంసం!

పారేయకండి, గుంటూరులో మేమున్నాం.