చారిత్రక నాటకానికి సరైన బట్ట ఎక్కడ దొరుకుతుంది, ఇందులో కెరీర్ ఉందా?

ప్రశ్న: మేడమ్, నేను బాపట్లలో బీఎస్సీ సెకండియర్ చదువుతున్నాను. కాలేజీలో కృష్ణదేవరాయల కొలువు మీద నాటకం వేస్తున్నాం, డ్రెస్సుల బాధ్యత నాకిచ్చారు. అద్దెకు తెచ్చినవన్నీ మెరిసే సాటిన్, ప్లాస్టిక్ జరీ, నాకు అస్సలు నచ్చలేదు. అసలైన బట్ట ఎక్కడ దొరుకుతుంది? డిగ్రీ అయ్యాక సినిమాలకి చారిత్రక కాస్ట్యూమ్స్ చెయ్యాలని ఉంది. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, నాన్నేమో "నువ్వు కూడా కుట్టుమిషనేనా" అంటున్నారు. ఇది కెరీర్ అవుతుందా?

జవాబు:

అమ్మా, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట "నాకు అస్సలు నచ్చలేదు" అన్నదే. నూటికి తొంభై మంది ఆ అద్దె డ్రెస్సు చూసి రాజు డ్రెస్సు అంటే ఇంతే కదా అనుకుని వేసేస్తారు, నీకు అది తప్పని అనిపించింది, ఈ పనికి మొదట కావాల్సింది ఆ కన్నే. కుట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు, డ్రాయింగ్ వేసేవాళ్ళూ దొరుకుతారు, ఈ కాలానికి ఏ బట్ట నప్పుతుంది, అది ఇవాళ ఏ ఊళ్ళో నేస్తున్నారు, లేకపోతే దాని బదులు ఏది వాడొచ్చు అని చెప్పగలిగేవాళ్ళే తక్కువ. అందుకని బట్ట గురించీ కెరీర్ గురించీ విడివిడిగా చెప్పను, నా లెక్కలో అవి రెండూ ఒకటే.

షాపుకి వెళ్ళేముందు బొమ్మలు చూడు. తిరుమల గుళ్ళో లోపలికి వెళ్ళేటప్పుడు చేతులు జోడించుకుని నిలబడిన రాయలవారి కంచు విగ్రహం ఉంటుంది, ఇటు తిరుమలదేవి అటు చిన్నాదేవి, మనమందరం తోపులాటలో చూసీ చూడకుండా దాటిపోతాం. ఈసారి వెళ్తే తల మీద ఆ పొడుగాటి టోపీ ఎలా ఉందో, పంచె మడతలు ఎటు పడ్డాయో, రాణుల చీర కుచ్చిళ్ళు ఎక్కడ దోపారో చూడు. ఆ టోపీనే కుళ్ళాయి అంటారు. శ్రీనాథుడు కన్నడ రాజ్యానికి, అంటే విజయనగరానికే, వెళ్ళినప్పుడు కుళ్ళాయి పెట్టాను, కోక చుట్టాను, కూర్పాసం తొడిగాను అని బాధపడుతూ చెప్పిన చాటువు ఉంది కదా, స్కూల్లో చదివే ఉంటావు. నీకు ఆ ఒక్క పద్యంలో మూడు ఐటమ్స్ దొరికాయి, తలకి కుళ్ళాయి, చుట్టుకునే బట్ట కోక, కుట్టిన చొక్కా లాంటిది కూర్పాసం. కోక అనేది అప్పుడు మగవాళ్ళు కూడా చుట్టుకునే బట్టే అని కూడా తెలిసింది.

తర్వాత లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో వేసిన ఆ పైకప్పు బొమ్మల్లో బట్టల డిజైన్లే ఒక పుస్తకమంత ఉన్నాయి, చీరల అంచులు, చుక్కలు, గళ్ళు, కుళ్ళాయిలు, నడుముకి కట్టిన పట్కాలు. వెళ్ళగలిగితే ఒక రోజంతా కూర్చుని పెన్సిల్‌తో వేసుకో, ఫొటో తీస్తే కన్ను చూడదు, చెయ్యి వేస్తేనే చూస్తుంది. ఇంకోటి, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు ఆయన డొమింగో పేస్ రాయల్ని దగ్గర్నుంచి చూసి రాశాడు, బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు, మెడలో వజ్రాలు, తలకి జరీ టోపీ, కాళ్ళకి చెప్పులు లేవు అని. తెల్లబట్టలు అంటున్నాడు చూడు! మన నాటకాల్లో రాజు అనగానే ఎర్ర వెల్వెట్ కోటు తొడుగుతాం. వెల్వెట్, సాటిన్ లాంటివి ఆ రోజుల్లో కూడా ఓడల్లో వచ్చేవి, అది తప్పు కాదు, కానీ అప్పటివి పట్టుతో నేసినవి, ఇప్పుడు మీటరు లెక్కన కొనేది పాలిస్టర్. పాలిస్టర్ లాంటి బట్ట 1940ల దాకా ప్రపంచంలోనే లేదు, లైట్ల కింద ఒకే రకంగా తళతళా మెరిసి వెంటనే పట్టిచ్చేస్తుంది, పైగా వేసుకున్న పిల్లాడికి చెమటతో డైలాగ్ కూడా గుర్తుండదు.

సరే, బట్ట ఎక్కడ అన్నావు కదా. నువ్వు ఉన్న చోటే అదృష్టం, చీరాల నీకు పక్కనే. జాండ్రపేట వైపు వెళ్తే మగ్గాలు చూడొచ్చు, సొసైటీ వాళ్ళని గానీ మాస్టర్ వీవర్లని (నూలిచ్చి నేయించేవాళ్ళని) గానీ అడుగు, "డిజైన్ లేని తెల్ల కాటన్, కోరా రంగు కాటన్ కావాలి, చిన్న అంచు ఉంటే చాలు" అని. రాయలవారి పంచెకి, ఉత్తరీయానికి నేనైతే మంగళగిరి కాటన్ వాడతాను, ఎందుకంటే ఆ బట్టకి ఒంట్లో బుటాలేమీ ఉండవు, అంచు మటుకే ఉంటుంది, నేత బిగువుగా ఉండి మడత పెడితే నిలబడుతుంది. ఇక్కడొక చిట్కా చెప్తాను, అంచున్న బట్ట మీటర్లలో వెతుక్కోకు, చీర కొను. ఒక చీరలో ఐదున్నర మీటర్ల బట్ట, రెండు వైపులా అంచు, చివర పైట చెంగు అన్నీ వస్తాయి, పంచె కట్టు కట్టాక అంచులు ముందుకి వచ్చి పడతాయి, ఆ చెంగు కోసి నడుముకి పట్కా చేసుకోవచ్చు. మన ముత్తాతల కాలంలో కూడా బట్ట తాను నుంచి కోసి కుట్టడం తక్కువే, చుట్టుకోవడమే ఎక్కువ, కాబట్టి నీకు సగం పని కట్టడంలోనే అయిపోతుంది, కత్తెర తక్కువ వాడు. తెచ్చాక మాత్రం కోసేముందు ఒక రాత్రి నీళ్ళలో నానేసి గంజి వదిలించి ఆరేసి అప్పుడు కొలుచుకో, ఈ పని వదిలేస్తే కుట్టిన కూర్పాసం మొదటి ఉతుక్కే కుదించుకుపోతుంది.

కొట్టువాళ్ళు ఎంత నమ్మకంగా చెప్పినా సరే, టెస్ట్ చేసుకునే కొను. కిందటేడు నేను ఒక స్టూడెంట్‌ని తీసుకుని విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళాను, ఒక కొట్టులో ఆయన "ప్యూర్ సిల్క్ అమ్మా" అని తాను విప్పాడు. ఆ పిల్ల అడిగి చివర్నుంచి రెండు దారాలు లాగింది, ఒకటి నిలువుది ఒకటి అడ్డంది, బయటికొచ్చి అగ్గిపుల్ల గీసింది. నిలువు దారం జుట్టు కాలిన వాసన వచ్చి, నల్లగా పూసలా అయ్యి వేలితో నలిపితే పొడైపోయింది. అడ్డం దారం మంట దగ్గరికి వెళ్ళకముందే ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి గుండులా మిగిలింది, గోరుతో నొక్కినా నలగలేదు. అంటే సగం పట్టు, సగం పాలిస్టర్. కాటన్ అయితే కాగితం కాలినట్టు కాలి తేలిగ్గా బూడిద వస్తుంది. అందుకే రెండు దారాలూ చూడాలి, ఒక్కటే చూసి మోసపోతారు. పాలిస్టర్ కలిసిన బట్ట చెడ్డదని కాదు, వెనక వరసలో నిలబడే పదిమంది భటులకి అదే వాడు, ముందు నిలబడే నలుగురికి డబ్బు పెట్టు. చారిత్రక కాస్ట్యూమ్‌లో బడ్జెట్ అంటే అదే.

పువ్వుల డిజైన్ బట్ట కావాలంటే కలంకారీ వేసే పెడన వెళ్ళు. లేపాక్షి బొమ్మల్లో కొన్ని బట్టలు చూస్తే నాకు అచ్చు వేసినవో అద్దినవో అనిపిస్తుంది. పెడనలో బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి నలుపు తీస్తారు, ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక అద్ది తర్వాత రంగులో ఉడకబెడతారు. చెక్క అచ్చుని చేత్తో కొట్టి కొట్టి వేస్తారు కాబట్టి దగ్గర్నుంచి చూస్తే ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ కొంచెం తేడా ఉంటుంది, అచ్చులు కలిసిన చోట సన్నగా గీత కనపడుతుంది. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, వెనక్కి తిప్పితే తెల్లగా ఉంటే అది స్క్రీన్ ప్రింటో మిషన్ ప్రింటో, కలంకారీ పేరుతో అవే ఎక్కువ అమ్ముతున్నారు. ఆర్డర్ ఇచ్చేట్టయితే ముందే ఇవ్వు, ఆ పనికి ఎండ కావాలి, వానాకాలంలో లేటవుతుంది.

రంగుల్లో జాగ్రత్త. 1856 దాకా ఫ్యాక్టరీ రంగు అనేదే లేదు, అప్పటి ఎరుపు లక్క, మంజిష్ఠ లాంటి వాటి నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేది, పసుపు సరే. అవన్నీ కొంచెం లోపలికి ఉన్నట్టు ఉంటాయి, పొగడపువ్వు ఎండినట్టు. కళ్ళు జిగేలుమనే గులాబీ, చిలకాకుపచ్చ కనపడితే పక్కన పెట్టెయ్. అలాగే పోచంపల్లి ఇక్కత్ నాకు ప్రాణం, కానీ రాయల కొలువులో రాణికి కట్టకు, ఆ నేత పోచంపల్లికి వెళ్ళింది 20వ శతాబ్దం మొదట్లో, అదీ మీ చీరాల వైపు నుంచే. కాకతీయుల కథలో రుద్రమకి పోచంపల్లి కట్టిన నాటకం నేను చూశాను, మన తెలంగాణ చీర కదా అనే అభిమానంతో చేశారు, అభిమానం మంచిదే కానీ అప్పుడు అది లేదు. 1940ల తెలంగాణ సాయుధ పోరాటం కథ అయితే మాత్రం ముతక కాటన్, నారాయణపేట చీర, గొంగడి ఇవన్నీ నిశ్చింతగా వాడొచ్చు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు జాతీయోద్యమం కథలకి పెట్టింది పేరు, ఆ పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు, ఒక్కసారి వెళ్ళి చూసిరా.

కుళ్ళాయికి లోపల బక్రం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) రెండు పొరలు, పైన జరీ బట్ట. కొత్త జరీ వద్దు, పాత పట్టుచీర చెంగు అయితే కాంతి మెత్తగా ఉంటుంది. కానీ ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా, బాగున్న పాత చీర కోయకు. మడతల దగ్గర పట్టు చిరిగిపోయి ఇక కట్టుకోవడానికి పనికిరాని చీరలోంచి అంచు, చెంగు తీసుకో, నిలిచి ఉన్నదాన్ని దాచు. వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరుగుతారు చూడు, వాళ్ళు వెండి కోసం ఆ జరీ కరిగించేస్తారు, ఒక్కసారి కరిగితే ఆ నేత మళ్ళీ చూడలేం. మీ అమ్మమ్మ ట్రంకు పెట్టె తెరిపించు, ఆవిడ ముడి రవిక ఒకటి ఉంటే లోపలికి తిప్పి చూడు, చంక కింద చిన్న అతుకు ముక్క వేసి ఉంటుంది చెయ్యి లేపడానికి, ఎన్ని ముక్కలుగా కోశారో కొలిచి కాగితం మీద వేసుకో. నేను మా నాయనమ్మ రవిక ఇలాగే చూశాను, అంగుళం గుడ్డ కూడా వృథా పోకుండా కోశారు, ఏ క్లాసులోనూ నాకు అంత బాగా అర్థం కాలేదు. రాణులకి రవిక వెయ్యాలా వద్దా అనేది విగ్రహాలూ బొమ్మలూ ముందు పెట్టుకుని మీ డైరెక్టర్‌తో మాట్లాడుకో, కాలేజీ స్టేజీ కాబట్టి ఒంటికి కలిసిపోయే రంగులో పొట్టి రవిక వేస్తే ఇబ్బంది ఉండదు.

ఇక హైదరాబాద్ వెళ్ళినప్పుడు లాడ్ బజార్‌లో గోటా, లేసు, జర్దోజీ సామాను, పత్తర్‌గట్టీలో బట్ట, గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాను చూడు. పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల బీరువా ఉంది, గదంత పొడుగు, నవాబుల కథ ఎప్పుడైనా చెయ్యాల్సి వస్తే అక్కడ మొదలుపెట్టు. లింగంపల్లి సురభి కాలనీ కూడా వెళ్ళు, 1885 నుంచి నాటకాన్నే బతుకుగా చేసుకున్న కుటుంబాలవి, సీను మారే లోపల డ్రెస్సు ఎలా మార్చుకుంటారో, ఏ ముడి ఎక్కడ వేస్తే ఊడదో వాళ్ళని మించి చెప్పేవాళ్ళు లేరు.

కెరీర్ సంగతి. డిగ్రీ పూర్తి చెయ్యి, మధ్యలో మానకు. తర్వాత మూడు దార్లున్నాయి. ఫ్యాషన్ చదువు చెప్పే నిఫ్ట్‌లో ఎమ్‌డిజైన్‌కి ఏ డిగ్రీ అయినా పర్లేదు, ఎంట్రన్స్ ఉంటుంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సు, డిగ్రీ అయ్యాక, అక్కడ డిజైన్ వైపు తీసుకుంటే కాస్ట్యూమ్ నేర్పిస్తారు, నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు, నువ్వు ఇప్పుడు చేస్తున్న నాటకం అందుకు లెక్కకొస్తుంది కాబట్టి బ్రోచర్, ఫొటోలు దాచుకో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. నీ మనసు నాటకం మీదే ఉంది కాబట్టి నా ఓటు డ్రామా స్కూలుకి, కానీ ఫ్యాషన్ వైపు వెళ్ళినా నష్టం లేదు. సినిమాలో ఎవరికి ఏ బట్టలో నిర్ణయించే కాస్ట్యూమ్ డిజైనర్ వేరు, సెట్‌లో ఆ బట్టలు చూసుకునే కాస్ట్యూమర్ వేరు, నువ్వు చేరేది అసిస్టెంట్‌గా, మొదటి రెండు మూడేళ్ళు బట్టల లెక్క రాయడం, కంటిన్యుటీ (ముందు షాట్‌లో ఉన్న బట్టే తర్వాతి షాట్‌లోనూ ఉందా అని) చూడటం, కొత్త బట్టని టీ నీళ్ళలో ముంచి గరుకు కాగితంతో రుద్ది పాతది చెయ్యడం, ఇదే పని. డబ్బు సినిమా సినిమాకి వస్తుంది, నెల నెలా రాదు, ఒక్కోసారి లేటవుతుంది, ఇది నీకు ఇప్పుడే తెలియాలి. అందుకే పక్కన సీరియళ్ళు, నాటక సమాజాలు, పెళ్ళి బట్టల పని, మ్యూజియాల్లో పాత బట్టల్ని కాపాడే కన్జర్వేషన్ పని ఇవి కూడా చూసుకోమంటాను. భాను అథైయా గారు మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది చారిత్రక సినిమాకి బట్టలు చేసే, 1983లో.

మీ నాన్నగారికి ఒక మాట. అయ్యా, మీ ఆవిడ రోజంతా మిషన్ మీద వంగి కూర్చోవడం మీరు చూస్తున్నారు, కూతురికి ఆ నడుం నొప్పి వద్దనుకోవడం న్యాయమే. కానీ మీ అమ్మాయి అడిగే పనికి మీ ఇంట్లోనే అనుభవం కూర్చుని ఉంది, చంక కటింగ్, కాజాలు, బక్రం వెయ్యడం ఇవి నేర్పడానికి బయట వేలకు వేలు తీసుకుంటారు. నాటకం రోజు మీరిద్దరూ ముందు వరసలో కూర్చోండి.

నువ్వేం చేస్తావంటే అమ్మా, ఈ నెలలో ఒక్క కుళ్ళాయి, ఒక్క పంచె, ఒక్క కూర్పాసం పూర్తి చెయ్యి, అమ్మతో కలిసి. ప్రతి బట్ట పక్కన చిన్న ముక్క అంటించి, ఎక్కడ కొన్నావు, ఎంతయింది, దారం కాల్చితే ఏమొచ్చింది, ఏ విగ్రహం చూసి ఈ మడత పెట్టావు అని ఒక నోట్‌బుక్‌లో రాయి. ఇంటర్వ్యూకి ఎక్కడికెళ్ళినా ఆ నోట్‌బుక్ చేతిలో పెట్టుకునే వెళ్ళు. మొదటి పేజీలో ఆ అద్దె సాటిన్ ముక్క కూడా అంటించి, ఎందుకు నచ్చలేదో కింద రాయి.