రొమ్ము క్యాన్సర్ కాలేయానికి పాకితే ఏ చికిత్స?

ప్రశ్న: మా అమ్మ వయసు 54 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ వస్తే ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ చేశారు. అప్పటి నుంచి రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది. ఈ మధ్య కుడి డొక్కలో బరువుగా ఉంటోందని, ఆకలి తగ్గిందని స్కాన్ చేయిస్తే కాలేయంలో మూడు గడ్డలు కనిపించాయి. ఇది లివర్ క్యాన్సరా? ఆ గడ్డలను ఆపరేషన్‌తో తీసేయలేరా? కాలేయ మార్పిడి చేయిస్తే నయమవుతుందా?

జవాబు: రొమ్ములో పుట్టిన కణాలే రక్తం ద్వారా కాలేయానికి చేరి అక్కడ గడ్డలుగా పెరిగితే, దాన్ని వైద్యులు లివర్ క్యాన్సర్‌గా కాక, కాలేయానికి పాకిన రొమ్ము క్యాన్సర్‌గానే పరిగణిస్తారు, మందులూ అందుకు తగ్గట్టే ఇస్తారు. ఈ పరిస్థితిలో కాలేయ మార్పిడి చేయరు. కంటికి కనిపించని కణాలు శరీరంలో మరోచోట కూడా ఉండే అవకాశం ఎక్కువ. పైగా మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాల్సి ఉంటుంది కాబట్టి ఆ కణాలకు మరింత వీలు చిక్కుతుంది.

మీ అమ్మగారికి ఇంకా బయాప్సీ చేయించకపోతే ముందు ఆ సంగతి డాక్టరుతో మాట్లాడండి. రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించి, పక్కటెముకల దగ్గర మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి సూదితో గడ్డ నుంచి చిన్న ముక్క తీస్తారు. తర్వాత కొన్ని గంటలు పడుకోబెట్టి నాడి, బీపీ గమనిస్తారు. ‘నాలుగేళ్ల కిందటి రిపోర్టు ఉంది కదా, మళ్లీ ఎందుకు?’ అని చాలామంది అడుగుతుంటారు. కొందరిలో క్యాన్సర్ పాకేసరికి దాని స్వభావం మారుతుంది. కొత్త రిపోర్టులో ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు), హెర్-2 (కణాల పెరుగుదలను పురికొల్పే ప్రోటీన్) అని ఉండే మూడు వరుసలే చికిత్స దారిని చాలావరకు నిర్ణయిస్తాయి.

మీ అమ్మగారు ఈస్ట్రోజన్‌ను తగ్గించే లెట్రోజోల్ వాడుతున్నారంటే అప్పటి క్యాన్సర్ హార్మోన్ పాజిటివ్ రకమే, అంటే హార్మోన్ల ఊతంతో పెరిగేదే అయి ఉంటుంది. ఇప్పుడూ అదే రకమై, హెర్-2 నెగెటివ్‌గా ఉంటే, లెట్రోజోల్ వాడుతుండగానే జబ్బు తిరగబెట్టింది కాబట్టి సాధారణంగా ఫుల్వెస్ట్రంట్ అనే హార్మోన్ చికిత్స ఇంజెక్షన్‌కు, కణ విభజనను అడ్డుకునే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ మాత్రల్లో ఒకదాన్ని జోడిస్తారు. కాలేయానికి పాకిందంటే కీమో తప్పదనీ, మాత్రలంటే ఉత్తుత్తి వైద్యమనీ కుటుంబ సభ్యులు అనుకోవడం నేను తరచూ చూస్తుంటాను. కాలేయం పనితీరు వేగంగా దెబ్బతింటున్న సందర్భాల్లో కీమో గురించి ఆలోచించాలి గానీ, మిగతావారిలో ఈ మాత్రల జోడీయే మొదట ఎంచుకోదగినది. వీటిలో మొదటి రెండు మాత్రలనూ మూడు వారాలు వేసుకుని ఒక వారం ఆపుతారు. తెల్ల రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి రక్తపరీక్షలు తప్పనిసరి, రైబోసిక్లిబ్‌కైతే ఈసీజీ కూడా అవసరం. మూడోదాన్ని విరామం లేకుండా రోజూ రెండు పూటలా వాడతారు, దీనితో విరేచనాలు ఎక్కువ. జబ్బు మళ్లీ ముదిరితే ఈఎస్ఆర్1, పీఐకే3సీఏ జన్యుమార్పుల పరీక్షను బట్టి ఎంచుకునే మాత్రలూ ఉన్నాయి.

రిపోర్టులో హెర్-2 పాజిటివ్ అని వస్తే దారి మారుతుంది. హెర్-2పై గురిపెట్టే ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్‌లను టాక్సేన్ రకం కీమోతో కలిపి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే కొత్త మందు బాగా పనిచేస్తుంది గానీ, అది ఊపిరితిత్తుల్లో వాపు తెచ్చే ప్రమాదం ఉంది కాబట్టి కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే అశ్రద్ధ చేయకూడదు. మూడూ నెగెటివ్ అయితే కీమో, పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ పరీక్ష పాజిటివ్‌గా ఉన్నవారికి దానితోపాటు ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే చికిత్స), బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికి ఒలాపరిబ్ వంటి మాత్రలు పరిశీలిస్తారు.

ఇక ఆపరేషన్ విషయం. గడ్డలు కొద్దిగానే ఉండి, మరే అవయవంలోనూ జబ్బు లేకుండా, మందులకు కొన్ని నెలలపాటు బాగా లొంగినవారిలో మాత్రమే కాలేయంలో ఆ భాగాన్ని తొలగించడం, సూదితో వేడి పుట్టించి చిన్న గడ్డలను మాడ్చడం, గురిచూసి రేడియేషన్ ఇవ్వడం వంటివి ఆలోచిస్తారు. వీటివల్ల అందరికీ ఆయుష్షు పెరుగుతుందని గట్టిగా చెప్పే ఆధారాలు లేవు. మొదటే ఆపరేషన్‌కు వెళితే కోలుకునే వారాల్లో అసలు మందులు ఆలస్యమవుతాయి. మీ అమ్మగారికి మూడే గడ్డలున్నాయి కాబట్టి ఈ ప్రశ్నను రెండు మూడు నెలల తర్వాత తీసే స్కాన్ చూశాక మళ్లీ అడగండి, అప్పుడు అర్థవంతమైన జవాబు దొరుకుతుంది.

ఈ దశలో జబ్బును పూర్తిగా నిర్మూలించడం అరుదు. అదుపులో ఉంచుతూ రోజువారీ జీవితం సాఫీగా సాగేలా చూడటమే చికిత్స ఉద్దేశం, మందులకు లొంగే రకమైతే అది ఏళ్ల తరబడి సాధ్యపడుతుంది. నొప్పి, వికారం, నిద్రలేమికి పాలియేటివ్ కేర్ నిపుణుల సాయం ఇప్పటి నుంచే తీసుకోవచ్చు, అది చివరి రోజులకే పరిమితమైన వైద్యం కాదు.

కాలేయం శుద్ధి అవుతుందని చెప్పే ఆకు పసర్లు, పొడులు మాత్రం ఇవ్వకండి. వాటిలో కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి, పైగా రక్తంలో బైలిరుబిన్ (కామెర్లకు కారణమయ్యే పసుపు పదార్థం) పెరిగితే అది జబ్బువల్లా పసరువల్లా అన్నది తేల్చలేక మేమే చికిత్స ఆపాల్సి వస్తుంది. కళ్లు పచ్చబడినా, పొట్టలో నీరు చేరి ఉబ్బినా, మాటలో తికమక కనిపించినా, చికిత్స మొదలయ్యాక జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.