హిట్లర్ కాలపు జర్మన్ నాణేలు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మ్యూనిక్‌లో ఉన్నన్నాళ్లూ నాజీల కాలపు నాణేలు సేకరిస్తానని రాశావు. చెయ్యదగ్గ పనే. అయితే దొరికిందల్లా కొనకు. ముందు ఒక వరస అనుకో. నన్నడిగితే ఆ వరస లోహాలదే. 1933 నుంచి 1945 దాకా ఆ దేశం ఎలా దిగజారిందో వెండి, నికెల్, అల్యూమినియం, జింకు వరసగా చెబుతాయి. ఎనిమిది నాణేలు చాలు.

మొదటిది 1934 నాటి 5 రైష్‌మార్కుల (ఆనాటి జర్మన్ డబ్బు, పొట్టిగా మార్కులు) వెండి నాణెం, బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డాం ఊళ్లోని గారిసన్ చర్చి బొమ్మది. ఆ ఏడాదే ఇవి రెండు రకాలు వచ్చాయి. చర్చి పక్కన 21 మార్చి 1933 అని తేదీ ఉన్నదాన్నే తీసుకో. ఆ రోజు ఆ చర్చిలో హిట్లర్, వృద్ధ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ కలిసి కనిపించారు. మరో రెండు రోజులకే పార్లమెంటు తన అధికారాన్ని చట్టం చేసి మరీ హిట్లర్ చేతిలో పెట్టింది. తర్వాత హిండెన్‌బర్గ్ తల ఉన్న 5 మార్కులవి రెండు కొను. 1935 నాటిదాని వెనక గద్ద మామూలుగా ఉంటుంది. 1936 నుంచి 1939 దాకా వచ్చినవాటిలో గద్ద కాళ్ల కింద నాజీల గుర్తు స్వస్తిక చేరింది. 1936లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి సంవత్సరం ఒక్కటే చూసి బేరమాడకు. నాణెం మీది చిన్న అక్షరం టంకశాల గుర్తు: ఎ అంటే బెర్లిన్, డి మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జె హాంబర్గ్. ఆస్ట్రియాను కలిపేసుకున్నాక 1938 నుంచి బి వియన్నాది అయింది. డి గుర్తువి అక్కడ తేలిగ్గా దొరుకుతాయి.

ఆ పైన ఒకే విలువకు రెండు లోహాల జతలు చూడు. ఫెనిగ్ అంటే మార్కులో నూరోవంతు. 50 ఫెనిగ్ 1938, 1939ల్లో నికెల్‌ది, యుద్ధం మొదలయ్యాక అల్యూమినియంది. 1 ఫెనిగ్ 1940 దాకా కంచు, అక్కణ్ణుంచి జింకు. నికెల్, రాగి ఆయుధాలకు వెళ్లిపోయాయి. నికెల్‌ది అయస్కాంతానికి అంటుకుంటుంది, అల్యూమినియంది అంటదు. చివరగా 1945 తర్వాత మిత్రరాజ్యాల పాలనలో వేసిన 10 ఫెనిగ్ జింకు నాణెం ఒకటి. అందులో గద్ద అలాగే ఉంది, కింద స్వస్తిక మాత్రం తీసేశారు.

హిట్లర్ ముఖం ఉన్న నాణెం ఎవరైనా చూపిస్తే చెయ్యి కూడా చాపకు. తపాలా బిళ్లల మీద ఆ ముఖం వేశారు కానీ, చలామణీ నాణెం మీద ఎన్నడూ లేదు. 'నమూనా ముద్ర', 'అరుదైనది' అని అమ్మేవి దాదాపు అన్నీ తర్వాత వేసిన బొమ్మబిళ్లలే. అవి కొంటే చరిత్రకు కాదు, ఆ మనిషి ఆరాధకుల వ్యాపారానికి డబ్బిచ్చినట్టు.

హిండెన్‌బర్గ్ నాణేలకూ నకళ్లున్నాయి. 5 మార్కులది 13.88 గ్రాములు, 29 మిల్లీమీటర్లు, 900 వన్నె (వెయ్యికి 900 పాళ్లు) వెండి. అంటే అసలు వెండి 12.5 గ్రాములు. 2 మార్కులది 8 గ్రాములు, 625 వన్నె, అందులో వెండి 5 గ్రాములే. కొనే రోజు వెండి ధరతో లెక్కగట్టాకే బేరానికి దిగు. 0.01 గ్రాము దాకా చూపే కాటా కొనుక్కో. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యి. నాణేన్ని సన్నదారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచు. 5 మార్కులదైతే 1.35 గ్రాముల దగ్గర చూపాలి. 1.55 చూపిందంటే అది వెండి కాదు, రాగి మిశ్రమం. అంచు మీద అక్షరాలు మెత్తగా, చుట్టూ అతుకు గీత ఉన్నట్టు కనిపిస్తే పోత నాణెమే.

శుభ్రం చెయ్యకు. ఇత్తడి గిన్నెలకు వాడే చింతపండు, నిమ్మకాయ వీటికి విషం. జింకును పులుపు కొరికేస్తుంది. మెరిసే జింకు నాణెం కనబడితే ఎవరో తోమారనే అనుకో. మెత్తని ప్లాస్టిక్ కవరులో పెడితే కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది, అది ఆ కవరు ప్లాస్టిక్ అయిన పీవీసీ నుంచి వస్తుంది. అలాంటిదాన్ని కిటికీ దగ్గర, పొయ్యికి దూరంగా, గాజు గిన్నెలో స్వచ్ఛమైన ఎసిటోన్ పోసి కొన్ని నిమిషాలు ఉంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వు. గోళ్లరంగు తుడిచేది మాత్రం వాడకు, అందులో వేరే నూనెలు కలుస్తాయి. దాచడానికి మైలార్ (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్టచట్రాలు మంచివి. జింకుకు పెద్ద శత్రువు తేమ, తెల్ల పొడి పట్టిందంటే నాణెం తినుకుపోతున్నట్టే. ఇంటికి తెచ్చాక కాకినాడ ఉప్పుగాలిలో బయట పెట్టకు. బిగుతు మూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలనెలా మార్చు.

అక్కడి చట్టం సంగతి మరిచిపోకు. జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ప్రకారం నాజీ గుర్తుల్ని నలుగురిలో ప్రదర్శించడం నేరం. చదువుకీ, పరిశోధనకీ, చరిత్ర చెప్పడానికీ మినహాయింపు ఉంది. ఇంట్లో దాచుకుంటే తప్పు లేదు గానీ వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టకు. చాలామంది వర్తకులు అమ్మకం ఫొటోల్లో కూడా ఆ గుర్తు కప్పేస్తారు.

పోలండ్‌లోని వూచ్ ఘెట్టోలో (నాజీలు యూదుల్ని బంధించిన పేటలో) వాళ్ల చేత వాడించిన 1943 నాటి అల్యూమినియం బిళ్లల జోలికి ఇప్పుడే వెళ్లకు. వాటికి నకళ్లు మరీ ఎక్కువ. పైగా అవి ఆకలితో చచ్చినవాళ్ల చేతుల్లో తిరిగినవి, బేరమాడి కొనే వస్తువులుగా చూడకూడదు. తెలియాలంటే మ్యూజియంలో చూడు.

ప్రతి అట్ట మీద సంవత్సరం, టంకశాల, లోహం, బరువు, కొన్న చోటు, ధర రాయి. వెనక ఒక వాక్యంలో ఆ ఏడాది ఏం జరిగిందో కూడా రాయి. లేకపోతే అమ్మమ్మ నాణెం మీది గుర్తును మన గడప మీది స్వస్తిక్ అనుకుని కళ్లకద్దుకుంటుంది.

ఈ వారం సంతకు వెళ్తే ముందు జింకు 10 ఫెనిగ్ ఒక్కటి తెచ్చుకో. తక్కువకే వస్తుంది, బరువు 3.5 గ్రాములు ఉండాలి.

ఇట్లు,
మామయ్య