పెద్దక్షరాల పుస్తకం కన్నా ముందు కంటి పరీక్ష

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. పాత నవలలు చదవడం అలవాటు. మూడు నెలలుగా పుస్తకంలో వరసలు మధ్యలో వంగినట్టు, ఒక్కోచోట అక్షరం చెరిగినట్టు కనిపిస్తున్నాయి. 16 పాయింట్ల పెద్దక్షరాల ప్రతి తెప్పించుకుంటే కొంత నయంగా ఉంది. రెడీమేడ్ కళ్లద్దాలు వాడుతున్నాను. మంట పుడితే ఇంట్లో ఉన్న చుక్కలు వేసుకుంటున్నాను. ఇకపై 18 పాయింట్లవి కొనాలా, 20వా?
– ఒక పాఠకురాలు

జవాబు: పాయింట్ల సంగతి తర్వాత చూద్దామమ్మా. వరసలు వంగుతున్నాయన్నారే, నా దిగులు దాని గురించి. చత్వారమైతే అక్షరం మసకగా ఉంటుంది, పుస్తకం కాస్త దూరం జరిపితే తేటపడుతుంది. శుక్లమైతే చూపంతా మబ్బుగా ఉంటుంది. తిన్నటి గీత వంకరగా కనిపించిందంటే మాత్రం కంటి వెనకుండే రెటీనా అనే తెర మధ్యభాగాన్ని, అంటే మాక్యులాను అనుమానించాలి. వయసుతో వచ్చే క్షీణత కావచ్చు, షుగర్ వల్ల వచ్చిన వాపు కావచ్చు, పైన పొర ఏర్పడి ఉండవచ్చు. కన్ను చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను. మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు.

ఇవాళే ఒక పని చేయండి. అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్నూ మూసి గళ్ల కాగితం చూడండి. రెండు కళ్లతో చదివేటప్పుడు బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. అక్షరం పెద్దదైతే ఆ లోపం మరికొన్నాళ్లు దాగుతుంది. మీకు వచ్చిన 'నయం' అదేనేమోనని నా భయం. గళ్లు సరిగ్గానే కనిపించినా ఒకటి రెండు రోజుల్లో రెటీనా వైద్యుల్ని కలవండి. కంటిపాప విప్పారే చుక్కలు వేసి చూస్తారు, అవసరమైతే రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ తీస్తారు. ఆ చుక్కలతో కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, వెంట ఎవరినైనా తీసుకెళ్లండి. మాక్యులా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారుతుంటే కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. ఆలస్యమై అక్కడ మచ్చ కట్టిందంటే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. మూడు నెలలు ఆగాల్సింది కాదు.

మంటకు మీరు వేసుకుంటున్న చుక్కలు వెంటనే ఆపండి. పేరు రాయలేదు. ఎవరికో, ఎప్పుడో రాసిచ్చిన సీసాల్లో స్టెరాయిడ్ ఉండటం మామూలే. మంట, ఎరుపు తగ్గుతాయి కాబట్టి మంచి మందనిపిస్తుంది. వారాల తరబడి వేస్తే కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండానే కంటి నరం దెబ్బతింటుంది, శుక్లమూ రావచ్చు. పైగా తెరిచిన సీసాను సాధారణంగా నెల దాటాక వాడకూడదు. వైద్యులే రాసిచ్చిన గ్లాకోమా (నీటికాసులు) చుక్కలైతే మాత్రం సొంతంగా ఆపొద్దు, ఫోన్ చేసి అడగండి.

రెడీమేడ్ అద్దాల్లో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది, సిలిండర్ (కంటి వంపులో తేడాను సరిచేసే పవర్) ఉండదు. పరీక్ష అయ్యాక సరైన అద్దాలు వేయించుకుని, అప్పుడు పుస్తకం ఎంచుకోండి. మామూలు పుస్తకాలు 10–12 పాయింట్లలో, పెద్దక్షరాలవి 16–18లో ఉంటాయి. చాలామందికి 18 చాలు. ఆపైన పుస్తకం బరువెక్కుతుంది, వరసకు నాలుగు మాటలే పడతాయి. అంత అవసరమైతే భూతద్దం మేలు. అంకె కన్నా ఒత్తుల్ని చూడండి: 'ష్ట్ర', 'క్ష్మ' విడివిడిగా తెలియాలి, కింది వరసకు తగలకూడదు. పాత పుటల్ని స్కాన్ చేసి సాగదీసిన ప్రతుల్లో ఒత్తులు అలుక్కుపోతాయి. కొత్తగా టైపు కట్టినవే కొనండి. మెరిసే కాగితం వద్దు. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, దీపం భుజం వెనక నుంచి పడేలా పెట్టుకోండి.

వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, ఇప్పటి కళ్లద్దాలు, వాడుతున్న మాత్రల చీటీ పట్టుకెళ్లండి.