మార్కర్ పేరులో స్థానం ఇరికించకు

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కల జీనోముల్లోని ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లకు (ఒకే చిన్న డీఎన్‌ఏ ముక్క వరసగా మళ్లీ మళ్లీ వచ్చే, గుర్తులుగా వాడే చోట్లకు) ఆన్‌లైన్ డేటాబేస్ కడుతున్నావని విన్నాను. గర్వంగానే ఉంది. కానీ టేబుళ్లు తేలకముందే హోమ్ పేజీకి రంగులు వెతుకుతున్నావట, అదేం పనమ్మా?

ఆ రిపీట్లు వెతకడానికి మీసా అనే ప్రోగ్రామ్ చాలు. దాని మామూలు హద్దులు ఇవి: ఒక బేస్ (డీఎన్‌ఏ అక్షరం) ఉన్న మోటిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే ముక్క, కనీసం 10 సార్లు, రెండు బేసులది 6 సార్లు, మూడు నుంచి ఆరు బేసులవి 5 సార్లు. రిపీట్ ఉన్న చోటిని పీసీఆర్‌లో పెంచడానికి దానికి రెండు వైపులా అతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలే ప్రైమర్లు; వాటిని రూపొందించడానికి ప్రైమర్3 అనే ప్రోగ్రామ్ ఉంది. పొడవు 20 బేసులు, టీఎం (అతుకు విడిపోయే ఉష్ణోగ్రత) 60 డిగ్రీల దగ్గర, పెరిగి వచ్చే ముక్క 100 నుంచి 300 బేసులు. ప్రతి జతనూ మొత్తం జీనోమ్ మీద వెతికి, ఒక్కచోటే అతికితేనే ఉంచు. ట్రాన్స్‌పోజాన్ల (జీనోమ్‌లో చాలాచోట్ల నకళ్లుగా పడి ఉండే ముక్కల) లోపలి రిపీట్లు ఇక్కడే దొరికిపోతాయి.

నా భయమంతా మార్కర్ పేరు గురించే. క్రోమోజోమ్ నంబరు, స్థానం కలిపి పేరు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కొత్త అసెంబ్లీ, అంటే ముక్కలు కలిపి కట్టిన జీనోమ్ సీక్వెన్స్‌కు కొత్త కూర్పు, వస్తుంది. ఎక్కడో ఒక ఖాళీ పూడుతుంది, దాని తర్వాతి స్థానాలన్నీ జరిగిపోతాయి. ఒక ముక్క తిరగబడుతుంది, ఎడమ ప్రైమర్ కుడిదవుతుంది. పాత, కొత్త జాబితాలు కలిపితే ఒకే మార్కర్ రెండు పేర్లతో కూర్చుంటుంది. ప్రైమర్లు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పక్కన ఉందనుకున్న జన్యువు మాత్రం అక్కడ ఉండదు. వరిలో ఆర్‌ఎం అనే ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లను చూడు. వాటి పేర్లలో ఉన్నది ఉత్త వరుస సంఖ్య. అందుకే ఐఆర్‌జీఎస్‌పీ-1.0 అనే కొత్త వరి అసెంబ్లీ 2013లో ప్రచురితమైనా ఆ పేర్లు చెక్కుచెదరలేదు.

నువ్వూ అర్థం లేని సంఖ్యే ఇవ్వు. ఒకసారి వాడినది మళ్లీ వాడకు. రిపీట్‌కు అటూ ఇటూ 200 బేసుల సీక్వెన్స్ మార్కర్‌తోనే దాచు. స్థానాలకు వేరే టేబుల్ పెట్టి, ప్రతి వరుసలో అసెంబ్లీ యాక్సెషన్‌ను (డేటాబ్యాంకు ఇచ్చిన గుర్తింపు సంఖ్యను) చుక్క తర్వాతి వెర్షన్ అంకెతో సహా రాయి. కొత్త అసెంబ్లీ వచ్చినప్పుడు ఆ రెండు అంచులనూ దాని మీద అతికించు. రెండూ ఒక్కోచోటే, పక్కపక్కనే పడితే స్థానం చేర్చు. పడకపోతే 'కనిపించలేదు' అని రాయి. తుడిచేశావో, ఊరుకోను.

ఇంకో మాయదారి తప్పు ఉంది. జీనోమ్ మీద స్థానాలు రాసే ఫైళ్లలో బెడ్ ఫైలు 0 నుంచి, జీఎఫ్‌ఎఫ్ ఫైలు 1 నుంచి లెక్కిస్తాయి. ఒక్క బేస్ జరిగితే ఏజీ రిపీట్ జీఏగా చదువుతావు. వెతకడానికి వీలుగా ఏజీ, జీఏ, సీటీ, టీసీలను (చదివే చోటు, డీఎన్‌ఏ పోగు మారినా ఇవి ఒకే రిపీట్ కాబట్టి) ఒకే వర్గంలో వేస్తావు కదా, తప్పు అక్కడే దాక్కుంటుంది. అందుకే జీనోమ్‌లో ఉన్న మోటిఫ్‌ను ఉన్నట్టే మరో కాలమ్‌లో ఉంచు.

ముందు ఒక్క క్రోమోజోమే ఎక్కించు. ఇరవై మార్కర్లు ఏరి, సీక్వెన్స్ తెరిచి, వేలు పెట్టి లెక్కపెట్టు. కళ్లు లాగితే ఆపేసి పడుకో తల్లీ, మిగతావి పొద్దున్న చూడొచ్చు.