200 గజాల్లో బుల్లెట్ ప్లేటు కిందికి పోవడం గురించి

టెక్సస్‌లో జింకల వేటకెళ్లే ఫ్రెండ్స్‌తో పందెం వేస్తే, 100 గజాల్లో సరిగ్గా మధ్యలో తగిలే బుల్లెట్ 200 గజాల్లో 6 అంగుళాల స్టీల్ ప్లేటు కిందికి పోతోందన్నారు కదా. తప్పు మీ చేతిది కాదండీ. .308 అనే రైఫిల్ తూటాలో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ను 100 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో సరిగ్గా మధ్యలో తగిలేలా స్కోప్ (రైఫిల్ మీది గురి దుర్భిణి) సర్దితే, 200 దగ్గరకొచ్చేసరికి దాదాపు 4 అంగుళాలు దిగిపోతుంది. ప్లేటు మధ్య నుంచి అంచుకు ఉన్నది 3 అంగుళాలే!

100 గజాల్లో 2 అంగుళాలు పైన తగిలేలా స్కోప్ మార్చుకోండి, దూరం రెట్టింపైన 200లో అది 4 అంగుళాలు పైకి జరిపినట్టవుతుంది. మీ స్కోప్ నాబ్ ఒక్కో క్లిక్కుకు 100 గజాల్లో పావు అంగుళం జరిపేదైతే, ఎనిమిది క్లిక్కులు తిప్పాలి. తర్వాత 200లో కాగితం మీద మూడు రౌండ్లు కాల్చి తప్పకుండా సరిచూసుకోండి. మధ్యమధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. నా రైఫిల్‌ది సన్న బ్యారెల్, వేడెక్కితే నాలుగో గుండు పక్కకి పోయేది. కళ్లద్దాలు మాత్రం మరవొద్దు, స్టీల్ మీద తగిలాక తునకలు వెనక్కి ఎగురుతాయి.